ఫిల్ము ఫోటోగ్రఫీ: అభిరుచి, బాధ్యత

సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో ఫోటోగ్రఫీని గురించి, అందులోనూ పాత ఫిల్ము కెమేరాలతో బొమ్మలు తీసి, ఆ నెగటివులను స్కానరు మీద పరచి కంప్యూటరులోకి ఎక్కించుకునే ఒక అభిరుచిని గురించి వ్రాయడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. కౌలురైతుల బ్రతుకును గురించీ, చదువు అంగడి సరుకైపోవడాన్ని గురించీ చర్చించవలసిన పుటలలో యీ మధ్యతరగతి వినోదానికి చోటెందుకని వారు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పడమే యీ వ్యాసం ఉద్దేశం. నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. ఆరేళ్ళుగా యీ అభిరుచిలో మునిగి వున్నవాణ్ణి కూడాను. కనుక యీ విమర్శలో ముద్దాయి స్థానంలో యితరులతోపాటు నేనూ నిలబడి వున్నాను.

పరిస్థితి యిది. ఈనాడు జేబులో ఫోనున్న ప్రతివారి దగ్గరా కెమేరా వున్నట్టే. పైసా ఖర్చు లేకుండా రోజుకు వంద బొమ్మలు తీయవచ్చు. అయినప్పటికీ గత పది పదిహేనేళ్ళుగా అనేక దేశాలలోనూ, మన నగరాలలోనూ యువతీయువకులు కొందరు తిరిగి ఫిల్ము వైపు మళ్ళారు. తండ్రుల బీరువాలలో, తాతల ట్రంకుపెట్టెలలో పడివున్న కెమేరాలు మళ్ళీ వెలుగు చూశాయి. 36 బొమ్మలు పట్టే రీలు ఒకటి కొనాలంటే వ్యవసాయకూలీ ఒకరోజు సంపాదన తరచుగా చాలదు. ఆ రీలును కడగాలి, ఆరబెట్టాలి, ముక్కలుగా కత్తిరించాలి, ఒక్కొక్క బొమ్మనే స్కాన్ చేయాలి. ఇంత శ్రమా, యింత ఖర్చూ యెందుకయ్యా అని అడిగితే యీ అభిరుచిపరులు చెప్పే కారణాలు ముఖ్యంగా మూడు. ఫిల్ము మనిషికి నిదానం నేర్పుతుందన్నది మొదటిది. ఫిల్ము మీద పడే ‘గ్రెయిన్’, అనగా ఆ సన్నని ఇసుక చల్లినట్టుండే గరుకు, డిజిటల్ బొమ్మకు రాని అందాన్నిస్తుందన్నది రెండవది. ఫిల్ము అబద్ధమాడదు, అది వెలుతురు స్వయంగా వేసిన ముద్ర అన్నది మూడవది. ఈ మూడింటినీ వరుసగా పరిశీలిద్దాం.

నిదానం మాట కొంతవరకు నిజమే. ముప్ఫైయారే అవకాశాలున్నప్పుడు మీట నొక్కేముందు మనిషి ఆలోచిస్తాడు. ఆ తర్వాత రీలు కడిగే పని వున్నది. నలుపు తెలుపు ఫిల్మును కడిగే డెవలపరుకు చెప్పే ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన కోస్తాలో మే నెలలో కుళాయి నీరు ముప్ఫై డిగ్రీలు దాటి వస్తుంది. బకెట్టులో మంచుముక్కలు వేసి, అందులో రసాయనాల సీసాలు నిలబెట్టి, ఉష్ణమాపకం చూసుకుంటూ కూర్చోవాలి. వెలుతురు తగిలిన వెండి లవణం డెవలపరులో నల్లని వెండిగా మారుతుంది. తగలని లవణాన్ని హైపో కరిగించి తీసివేస్తుంది. ఈ పనిని స్వయంగా చేసినవాడికి బొమ్మ అంటే ఆకాశం నుంచి ఊడిపడే వస్తువు కాదనీ, అది ఒక ఉత్పత్తి అనీ తెలుస్తుంది. పుస్తకాలతో తప్ప చేతులతో పనిచేయడం మరచిపోయిన నావంటి ఉపాధ్యాయులకు యిది మంచి పాఠమే.

కాని నిదానంలోనే ఏదో విముక్తి వున్నదనుకోవడం పొరపాటు. తీరిక వున్నవాడికే నిదానం సుఖం. ఆ తీరిక యెవరి శ్రమ మీద నిలబడి వున్నదో అడగకుండా నిదానాన్ని కీర్తించడం పాత జమీందారీ రసికతకు కొత్త వేషం మాత్రమే. మన చేతికి రంగురంగుల డబ్బాలో వచ్చే యీ ఫిల్ము ఫ్యాక్టరీలో చీకటిలో తయారవుతుంది. వెలుతురు సోకితే పాడైపోయే సరుకు గనుక, పూత పూసిన ఫిల్మును కోసి చుట్టే విభాగాలలో కార్మికులు తమ చెయ్యి తమకు కనబడని చీకటిలో పనిచేయడం అలవాటు చేసుకున్నారు. ఆ పూతలో వెండి వున్నది. వెండిని పట్టి వుంచే జెలటిన్ పశువుల యెముకల నుంచీ, చర్మాల నుంచీ తీసినది. గనికార్మికుడు, కబేళా కార్మికుడు, చీకటిగది కార్మికుడు, ముగ్గురూ ఆ రీలులో వున్నారు. డబ్బా మీద మాత్రం కంపెనీ పేరే వుంటుంది. మార్క్సు సరుకు మాయ అన్నది దీనినే.

ఫిల్ము చరిత్ర తెలిసినవారికి యిది సిద్ధాంతమాత్రం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మ్యూనిక్‌లోని ఆగ్ఫా కెమేరా ఫ్యాక్టరీలో డాఖౌ నిర్బంధ శిబిరానికి చెందిన స్త్రీ ఖైదీల చేత యుద్ధసామగ్రి భాగాలు చేయించారు. వారిలో హాలెండు ప్రతిఘటనోద్యమంలో పాల్గొన్నవారు అనేకులు వున్నారు. 1945 జనవరిలో, నాజీల తుపాకుల నీడలో, పలుచని అంబలి మీద పని పెంచమన్నందుకు ఆ స్త్రీలు సమ్మె చేశారు. మన దేశం సంగతికి వస్తే, విదేశీ కంపెనీల మీద ఆధారపడకూడదన్న ఆశయంతో 1960లో ఉదకమండలంలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడింది. 1967లో ఉత్పత్తి ప్రారంభించింది. ‘ఇందు’ అన్న ఆ పేరు మన పాత స్టూడియోలవారికి బాగా గుర్తు. సరళీకరణ విధానాలు వచ్చిన దశాబ్దంలోనే అది ఖాయిలా పరిశ్రమల జాబితాకు ఎక్కింది. ఆపైన క్రమంగా మూతపడింది. 1975లో తన ఇంజనీరే తొలి డిజిటల్ కెమేరాను తయారుచేసినా ఫిల్ము లాభాలను వదులుకోలేకపోయిన కొడాక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా చట్టం రక్షణ కోరింది. అదే కంపెనీ ఫిల్ముకు యీనాడు మళ్ళీ గిరాకీ వచ్చింది. ఉదకమండలం కార్మికులకు మాత్రం ఆ గిరాకీ తిరిగి రాలేదు. పాత ‘ఇందు’ డబ్బాను షోకుగా అల్మరాలో పెట్టుకునే మిత్రులు యీ సంగతి తెలుసుకోవడం అవసరం.

ఇక రెండవ వాదం, గరుకుదనపు అందం. సాహిత్యంలో రూపవాదంతో మనం చేసిన పోరాటం తెలిసినవారికి యీ వాదం కొత్తది కాదు. వస్తువుతో నిమిత్తం లేకుండా పదాల పొందిక చూసి పరవశించే విమర్శకునికీ, యెదుట వున్నదెవరో చూడక గ్రెయిన్ చూసి పరవశించే ఫోటో రసికునికీ భేదం లేదు. అసలా గ్రెయిన్ యేమిటి? నలుపు తెలుపు ఫిల్ములో అది వెండి రేణువుల గుంపు. రంగుల ఫిల్ములో రేణువులు పోయినచోట మిగిలే రంగు మచ్చల గుంపు. తక్కువ వెలుతురులో పనికివచ్చే ఫిల్ముకు పెద్ద రేణువులు కావాలి గనుక గరుకు ఎక్కువ. అంటే అది ఒక అవసరానికి చెల్లించిన మూల్యం. చీకటి గుడిసెలో, రాత్రి సభలో, వానలో బొమ్మ తీయవలసి వచ్చినవాడు ఆ మూల్యం చెల్లించాడు. ఆ అవసరం లేకుండానే ఆ గరుకును కోరుకోవడం, పేదవాడి చిరుగుచొక్కాను చూసి కొత్త చొక్కాకు చిరుగులు పెట్టించుకోవడం వంటిది. ఇప్పుడు ఫోనులోనే ఒక మీట నొక్కితే డిజిటల్ బొమ్మ మీద గరుకు చల్లే సౌకర్యం వచ్చింది. రూపాన్ని వస్తువు నుంచి వేరుచేసి పొట్లాలు కట్టి అమ్మవచ్చునని యింతకంటె రుజువేమి కావాలి?

ఇందులో ఒక చమత్కారం కూడా వున్నది. యంత్రం ద్వారా ప్రతులు తీయగలగడంతో కళాఖండం చుట్టూ వుండే ఒంటరి పవిత్రత క్షీణిస్తుందనీ, అది ప్రజలకు మేలు చేయగల మార్పనీ 1930లలో వాల్టర్ బెన్యమిన్ వాదించాడు. ఆయనకు ఆ మార్పుకు ప్రధాన నిదర్శనాలు ఫోటోగ్రఫీ, సినిమా. తొంభై ఏళ్ళు తిరిగేసరికి ఆ ఫోటోగ్రఫీ యంత్రానికే, ఆ నెగటివుకే మనం పసుపుకుంకాలు పెట్టి పూజ చేస్తున్నాం.

మూడవ వాదం అన్నిటికంటె బలమైనది, అందుచేత అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఫిల్ము అబద్ధమాడదంటారు. దీనికి మన చరిత్రలోనే రెండు ఉదాహరణలున్నాయి. రెండూ కరువు బొమ్మలే.

1876–78 నాటి మద్రాసు రాజధాని మహా కరువును మన పెద్దలు ధాత కరువన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దానికి ఘోరంగా బలి అయ్యాయి. ఆ కరువు బాధితులను విలోబీ వాలెస్ హూపర్ అనే ఆంగ్ల సైనికాధికారి ఫోటోలు తీశాడు. యెముకలగూళ్ళయిన స్త్రీలను, పిల్లలను, ముసలివారిని గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి, కెమేరాకు అభిముఖంగా అమర్చి తీసిన బొమ్మలవి. వెండి అబద్ధమాడలేదు, ఆ పక్కటెముకలు నిజమైనవే. కాని ఆ అమరిక పాలకుని చూపును పట్టి యిస్తుంది. ధాన్యం యెటు పోయిందో, పన్ను యెవరు వసూలు చేశారో ఆ బొమ్మ చెప్పదు. ఆ మనుషుల పేర్లు కూడా చెప్పదు. ఇదే హూపర్ మీద 1886లో బర్మాలో మరొక ఆరోపణ వచ్చింది. ఖైదీలను కాల్చి చంపే సమయంలో ఫోటో కుదిరేవరకు కాల్పుల ఉత్తరువు ఆపించాడని దానిపై విచారణ జరిగింది. ఫోటోను ‘షూట్’ చేయడమనే ఇంగ్లీషు మాటను మనం ఆలోచించకుండా వాడుతున్నాం. ఆ మాటకు యిటువంటి చరిత్ర కూడా వున్నది.

రెండవ ఉదాహరణ 1943 నాటి వంగ కరువు. తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన సంవత్సరమే అది. కమ్యూనిస్టు పార్టీ నాయకుడు పి.సి.జోషీ వెంట ఇద్దరు యువకులు ఆ కరువు ప్రాంతాలకు వెళ్ళారు. ఒకరు చిత్రకారుడు చిత్తప్రసాద్, రెండవవారు ఫోటోగ్రాఫరు సునీల్ జానా. చిత్తప్రసాద్ ప్రచురించిన ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిషు ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. జానా బొమ్మలు ‘పీపుల్స్ వార్’ పత్రికలో అచ్చయి, దాచబడుతున్న కరువును దేశం ముందు పెట్టాయి. ఇక్కడా యెముకలగూళ్ళే, ఇక్కడా వెండే. కాని యీ బొమ్మలు కార్యకర్త నివేదికకు ప్రక్కన, కారణాలు చెప్పే వ్యాసానికి ప్రక్కన, సహాయం కోరే విజ్ఞప్తికి ప్రక్కన నిలిచాయి. జానా ఆ తర్వాతి కాలంలో రైతులనూ, గిరిజనులనూ, గనులలో ఫ్యాక్టరీలలో కార్మికులనూ తీసిన బొమ్మలలో మనిషి తన పనిలో, తన ఠీవితో కనబడతాడు.

జానాను మనవాడు కదా అని విమర్శకు అతీతుణ్ణి చేయనక్కరలేదు. ఆయన కరువు బొమ్మలలోనూ ప్రచారంలో వున్న అనేకం కింద ఊరి పేరో, సంవత్సరమో తప్ప మనిషి పేరు కనబడదు. కరువు రోజులలో అది సాధ్యపడి వుండకపోవచ్చు. కాని ఆ లోపం లోపమే. అయినప్పటికీ హూపర్‌కూ జానాకూ మధ్య వున్న దూరం ఫిల్ము వల్ల వచ్చినది కాదు, దృక్పథం వల్ల వచ్చినది. నిజం వెండిలో లేదు. యెవరికోసం, యెవరి ప్రక్కన నిలబడి తీశామన్న దానిలో వున్నది.

ఇంతవరకు యితరుల సంగతి చెప్పాను. ఇక నా సంగతి.

నాలుగేళ్ళ క్రిందట శ్రావణమాసంలో కృష్ణా డెల్టాలో ఊడ్పుల బొమ్మలు తీయడానికి వెళ్ళాను. మబ్బులు కమ్మిన తెల్లని ఆకాశం, దాని నీడ మెరిసే నీటిమడి, వరుసగా వంగి నాట్లు వేస్తున్న పన్నెండుమంది స్త్రీలు. ఆ మబ్బులు నన్ను ఆకర్షించాయి. వెలుగు కొలిచే మీటరును ఆకాశానికి, నీటికి చూపి కెమేరాను సరిచేశాను. ఈ మీటరు సంగతి కొంచెం చెప్పాలి. అది చూసిన ప్రతిదానినీ ఒక మధ్యరకం బూడిదరంగుగా ఎంచి కొలుస్తుంది. తెల్లని ఆకాశాన్ని చూపితే, వెలుతురు ఎక్కువైందని భ్రమించి తగ్గించమంటుంది. అలా తగ్గిస్తే మబ్బులు చక్కగా వస్తాయి. మబ్బుల క్రింద, ఎండకు నల్లబడిన ముఖాల మీద నుంచి వచ్చే కొద్దిపాటి వెలుతురు ఫిల్మును చేరీ చేరక పోతుంది. నెగటివులో ఆ ముఖాలున్నచోట వెండి దాదాపు లేదు; అద్దంలాగా పలుచగా వున్నది. నలుపు తెలుపు ఫిల్ముతో పనిచేసే పాత ఫోటోగ్రాఫర్లు నీడను కొలుచుకుని తీయమని చెప్పింది యిందుకే. ఆ సూత్రం నాకు పుస్తకంలో తెలుసు, పొలంలో తెలియలేదు.

ఇంటికి వచ్చి రీలు కడిగి, స్కాన్ చేసి, కంప్యూటరులో ఆ ముఖాలను పైకి లాగాలని చాలా ప్రయత్నించాను. లేని వెండిని యే స్కానరూ పుట్టించలేదు. ముక్కు, కళ్ళు ఆనవాలు పట్టేపాటి వచ్చాయి గాని, విపరీతమైన గరుకుతో వచ్చాయి. ఆ బొమ్మను ఒక చిన్న ప్రదర్శనలో పెట్టాను. మిత్రులు మెచ్చుకున్నారు. మబ్బులను మెచ్చుకున్నారు. అంతకంటె ఎక్కువగా ఆ ముఖాలలోని గరుకును మెచ్చుకున్నారు; శ్రమజీవి జీవితంలోని కర్కశత్వం ఆ గరుకులో ధ్వనిస్తున్నదని ఒక మిత్రుడు విశ్లేషించాడు. నేను కాదనలేదు. అది శ్రమజీవి జీవితంలోని కర్కశత్వం కాదు. ఆమె ముఖానికి కొలవవలసిన వెలుతురును నేను మబ్బులకు కొలవడం వల్ల పడ్డ మచ్చ అది. నా అశ్రద్ధ ఆనవాలును నా శిల్పంగా లెక్కవేశారు, నేను ఒప్పుకున్నాను. రూపవాదం యెలా పనిచేస్తుందో పాఠాలు చెప్పే నాకు అది నాలోనే పనిచేయడం కనబడలేదు.

మరుసటి సంవత్సరం అదే ఊరు వెళ్ళాను. నాట్ల ముఠాలో ఒక పెద్దామె నన్ను గుర్తుపట్టింది. “ఏమండీ మేష్టారూ, నిరుడు తీశారుగా, మా బొమ్మలేవీ?” అన్నది. నా సంచిలో ఆ బొమ్మ ప్రతి ఒకటి వున్నది. తీసి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. ప్రక్కనున్న వారికీ చూపింది. “చేను బాగానే పడిందండీ. ఇందులో మేమెవరం?” అన్నది. పన్నెండుమందిలో ఒక్కరూ తమ ముఖాన్ని గుర్తుపట్టలేకపోయారు. చివరికి చీర అంచును బట్టి ఒకామె తాను ఫలానా అని నిర్ణయించుకున్నది. నేను చదివిన విమర్శగ్రంథాలలో యేదీ నాకు యింత సూటిగా పాఠం చెప్పలేదు.

స్కానరు ప్రసక్తి వచ్చింది గనుక దానిని గురించీ విడిగా చెప్పుకోవాలి. మీట నొక్కడంతో కళ అయిపోయిందనీ, స్కానింగు గుమాస్తా పని అనీ మనలో చాలామంది అనుకుంటారు. వ్రాతప్రతిని పరిష్కరించేవాడి పనిని తక్కువ చేసి మాట్లాడే కవులున్నట్టే యిదీను. నెగటివు తాళపత్రమైతే స్కాను దాని పరిష్కృత ప్రతి. 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు వున్న ఆ చిన్ని చట్రాన్ని అంగుళానికి 2400 చుక్కల చొప్పున చదివితే సుమారు 77 లక్షల చుక్కలు వస్తాయి. ప్రతి చుక్క యెంత నలుపో, యెంత తెలుపో యెవరో నిర్ణయించాలి. మనం నిర్ణయించకపోతే యంత్రం నిర్ణయిస్తుంది. యంత్రం నిర్ణయమంటే దానిని తయారుచేసినవారి అలవాటే.

ఆ అలవాటు యెటువంటిదో రంగుల ఫోటోగ్రఫీ చరిత్రే చెబుతున్నది. కొడాక్ కంపెనీ దశాబ్దాలపాటు ఫోటో ప్రయోగశాలలకు రంగులు సరిచూసుకోవడానికి పంపిన నమూనా బొమ్మలలో వుండేది ఒక తెల్లజాతి యువతి. వాటికి ‘షర్లీ కార్డులు’ అని పేరు. ఆమె చర్మం సరిగా వస్తే బొమ్మ సరిగా వచ్చినట్టే లెక్క. నల్లని చర్మంలోని ఛాయలు అణగిపోయినా అది లోపంగా లెక్కకు రాలేదు. ముదురు గోధుమరంగు ఛాయలు సరిగా రావడం లేదని చాకొలెట్ల ప్రకటనదారులు, కొయ్యసామాను వ్యాపారులు ఫిర్యాదు చేసిన తర్వాతనే కంపెనీలో కదలిక వచ్చిందని ఆనాటి ఉద్యోగులే తర్వాత చెప్పారు. మన స్టూడియోలలో పెళ్ళికూతురు ముఖాన్ని తెల్లబరచే కుంచెకూ, నేటి కంప్యూటరు తనంతతాను చేసే ‘సవరణ’కూ మూలం ఒకటే. నా రంగుల నెగటివులను యంత్రం యిష్టానికి వదిలినప్పుడు పొలంలోని ముఖాలు వున్నదానికంటె పాలిపోయి వచ్చాయి. చేత్తో సరిచేస్తేనే వారి రంగు వారికి వచ్చింది.

మరొక సాంకేతిక విషయం. రంగుల ఫిల్ము మీది ధూళిని పరారుణ కిరణంతో గుర్తించి చెరిపివేసే సౌకర్యం కొన్ని స్కానర్లలో వున్నది. మామూలు నలుపు తెలుపు ఫిల్ము మీద అది పనిచేయదు. ఆ కిరణాన్ని వెండి కూడా ధూళిలాగే అడ్డుకుంటుంది గనుక, యేది దుమ్మో యేది బొమ్మో యంత్రానికి తెలియదు. మనిషి కూర్చుని, ఒక్కొక్క మచ్చనూ చూసి, యేరవలసిందే. పాత సాహిత్యాన్ని పరిష్కరించేటప్పుడూ మనకు యిదే సమస్య. ఇక్కడా అక్కడా ఆ పనికి కావలసింది ఓపికతోపాటు, యే మనుషుల ఆనవాళ్ళను కాపాడాలో తెలిసిన దృష్టి.

ఈ దృష్టితో చూస్తే మన అభిరుచికి ఒక పెద్ద పని యెదుట కనబడుతుంది. నేను పనిచేసే ఊళ్ళో ఒక పాత ఫోటో స్టూడియో కొన్నేళ్ళ క్రిందట మూతపడింది. నలభై ఏళ్ళ నెగటివులు అందులో వుండేవి. నేను తెలుసుకుని వెళ్ళేసరికి సగానికి పైగా తుక్కు కొనేవారికి పోయాయి. వెండి కోసమైతే తూకానికి ఇంతని వస్తుందని ఎవరో చెప్పారట. పరీక్ష దరఖాస్తుకు తీయించుకున్న కుర్రవాళ్ళు, గల్ఫుకు పోయే ముందు భార్యాబిడ్డలతో నిలబడినవారు, జీవితంలో ఒకే ఒక్కసారి కెమేరా ముందు కూర్చున్న ముసలమ్మలు, జెండాతో గుంపుగా తీయించుకున్న రిక్షా సంఘంవారు, అందరూ గ్రాముల లెక్కన పోయారు. రాజులకూ, దొరలకూ ఆల్బములున్నాయి. సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన నిజాం వైభవం నేటికీ భద్రంగా వున్నది. దానిని భద్రపరచడం మంచిదే. కాని కూలివాని, గుమాస్తా, చేనేత కార్మికుని ముఖచరిత్ర యిటువంటి చిన్న స్టూడియోల అట్టపెట్టెలలోనే వున్నది. తేమకూ, చెదకూ, తూకపురాయికీ దక్కగా మిగిలినది యెంతో యెవరూ లెక్కించలేదు.

మిగిలిన పెట్టెలను ఆ స్టూడియో యజమాని అనుమతితో నేనూ, నా విద్యార్థులు నలుగురూ స్కాన్ చేస్తున్నాం. ఈ పనిలో మేము పెట్టుకున్న నియమాలు కొన్ని వున్నాయి. బొమ్మతోపాటు దొరికినంతవరకు పేరు, ఊరు, సంవత్సరం వ్రాయాలి. కవరు మీద స్టూడియోవారు వ్రాసిన నెంబరు కూడా చరిత్రే, దానిని వదలకూడదు. ముఖాలను తెల్లబరచకూడదు. అందంగా లేదని యే చట్రాన్నీ తీసివేయకూడదు. గుర్తుపట్టిన కుటుంబానికి ఒక ప్రతి వుచితంగా యివ్వాలి. వారు వద్దన్న బొమ్మను బయటపెట్టకూడదు. ఈ చివరి నియమం మీద మాలో వాదం జరిగింది. ప్రజల చరిత్ర ప్రజలందరిదీ కదా, ఒక కుటుంబం కాదంటే ఆగిపోవడమేమిటని ఒక విద్యార్థి అడిగాడు. ప్రజలంటే ఆ కుటుంబమే కదా అని అతని తోటి విద్యార్థిని జవాబిచ్చింది. హూపర్ కెమేరా ముందు కూర్చోబెట్టబడినవారికి వద్దనే హక్కు లేదు. ఆ హక్కు గుర్తించడంతోనే మన పని అతని పనికంటె వేరు కావడం మొదలవుతుంది. ఆ వాదంలో నేను ఆమె పక్షం.

ఇది రాజకీయ కార్యక్రమం కాదు, ఇదొక సరదా అని యెవరైనా అంటే నేను కాదనను. ఒక స్కానరుతో కౌలుదారీ చట్టం మారదు. ఫిల్ము వాడినవాడల్లా అభ్యుదయవాది కాడు; ఫోనుతో తీసేవాడు తక్కువవాడూ కాడు. లాఠీచార్జీని ఫోనులో పట్టి లోకానికి చూపిన కుర్రవాడు నా మబ్బుల బొమ్మలన్నిటికంటె ఎక్కువ పని చేశాడు. నేను చెప్పేది యింతే. అభిరుచి యెవరి వైపు తిరిగి వున్నదన్న ప్రశ్న నుంచి తప్పించుకోలేదు. మీటరును యెవరి ముఖానికి చూపాలన్నది సాంకేతిక విషయంగా కనబడుతుంది; ఆకాశమా, మనిషా అని తేల్చుకోవలసిన క్షణం అదే. అక్కడ చేసిన తప్పును తర్వాత శిల్పంతో కప్పిపుచ్చవచ్చు గాని దిద్దలేము. కవితలోనైనా, కథలోనైనా యింతే.

క్రిందటేడు ఊడ్పులకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి ముందుగా ముఠావారితో మాట్లాడి, పని ఆపి గట్టు మీద అన్నాలు తినే వేళ, మీటరును పెద్దామె ముఖం దగ్గర పెట్టి కొలిచాను. పన్నెండుమంది పేర్లూ నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. నెల తిరగకముందే పన్నెండు ప్రతులు తీసుకువెళ్ళి యిచ్చాను. పెద్దామె తన బొమ్మను చూసి, “నల్లగానే పడ్డాను గాని నేనేనండీ” అని, కొంగుతో తుడిచి, చంకలోని సంచిలో పెట్టుకున్నది. అదే బొమ్మను మా ప్రదర్శన మిత్రులకు చూపాను. ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయిందనీ, మబ్బులు పోయాయనీ వారు విచారించారు. పోయాయి, నిజమే.